బడిలో పాట స్పీకరు పాలైంది

ఆగస్టు పదిహేను వస్తుందంటే మా రోజుల్లో వారం ముందునుంచే పిల్లల గొంతులు బొంగురుపోయేవి. అంత పాడించేవారు. ఇప్పుడు పిల్లలు పెదాలు కదుపుతారు, గొంతు స్పీకరుది. మా వీధి చివరి బడిలో మొన్నటి జెండా పండగకి ఏదో సినిమా పాట పెట్టారు. పిల్లలు మూడు రంగుల బట్టల్లో గెంతారు, పెద్దలు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు, బిస్కట్లు పంచారు. ఆ పాట రాసిందెవరమ్మా అని ఒక పిల్లను అడిగాను. ‘తెలీదు తాతగారూ, అది టీచరుగారి ఫోన్లో ఉంది’ అంది. పిల్ల తప్పేముంది ఇందులో? చెప్పినవాళ్ళుంటే కదా తెలిసేది!

మా డ్రాయింగు మాస్టారు జెండా బొమ్మ వెయ్యమంటే రంగుల జోలికి పోనిచ్చేవారు కాదు. ముందు కొలతలు. పొడవు మూడు పాళ్ళు, వెడల్పు రెండు పాళ్ళు, మూడు సమానమైన పట్టీలు. నడుమ చక్రం. కోణమాని పెట్టి పదిహేనేసి డిగ్రీలకు ఒకటి చొప్పున 24 ఆకులు గీయాలి. మధ్యలో ఎక్కడ పొరపాటు పడినా చివరి ఆకు దగ్గర లెక్క తేలిపోయేది, చెరిపి మళ్ళీ మొదలు. అలా గీస్తూ కూర్చున్నప్పుడే ఎవడో ఒకడు అడిగేవాడు, పాత జెండా మీద రాట్నం ఉండేదట కదా మాస్టారూ, ఎందుకు తీసేశారని. ఇక ఆయన మొదలుపెట్టేవారు. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా నమూనా గాంధీగారికి ఇవ్వడం, అందులో తెలుపు కూడా ఉండాలని గాంధీగారు అనడం, 1931లో కాషాయం రావడం, 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రాన్ని తీసుకోవడం. ఇదంతా పెన్సిలు కదులుతుండగా చెవిన పడింది. సోషల్ పరీక్షకి మళ్ళీ చదవాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడా జెండాను నెట్టులోంచి ప్రింటు తీసి చార్టుకు అంటిస్తారు. దాని పేరు ప్రాజెక్టు. రాత్రి పదింటికి దాన్ని అంటించేది కూడా చాలా ఇళ్ళలో అమ్మే.

జనగణమన సంగతీ అంతే. 52 సెకన్లలో ముగించాలని మాత్రం అందరికీ తెలుసు. మా సోషల్ మాస్టారు భారతదేశం మ్యాపు గోడకి తగిలించి, పాటలో వచ్చే ఒక్కో ప్రాంతం పేరు దగ్గర ఒక్కొక్కణ్ణి పిలిచి చూపించమనేవారు. సింధు దగ్గరకొచ్చేసరికి వేలు ఆగిపోయేది. సింధ్ పాకిస్తాన్‌లో ఉంది కదా, మన పాటలో ఎందుకుంది? అక్కడినుంచి దేశ విభజన పాఠం మొదలయ్యేది. 1911లో కలకత్తా కాంగ్రెసులో ఈ పాట మొదటిసారి పాడినప్పుడు దేశం ఎలా ఉండేదో, 1950 జనవరి 24న దాన్ని జాతీయగీతంగా తీసుకునేనాటికి ఎలా మారిపోయిందో ఆ ఒక్క మాట చెప్పేది. 1919లో మదనపల్లె వచ్చినప్పుడు టాగూరు దాన్ని ఇంగ్లీషులోకి చేసుకున్నారని, అక్కడి కళాశాలలోనే మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ స్వరాలు రాసిపెట్టిందని చెప్పినప్పుడు మేమంతా నిటారుగా కూర్చున్నాం. మదనపల్లె అంటే మన మదనపల్లేనా అని! ఇవాళ మదనపల్లె పిల్లల్లోనైనా ఎంతమందికి తెలుసో ఈ సంగతి.

గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట నేర్పినప్పుడు ఆయన జైలు సంగతి ముందు చెప్పేవారు. తెల్లదొరతనం మీద పాట కట్టి ఊరూరా పాడాడు, జైల్లో పెట్టారు, బయటికొచ్చి మళ్ళీ పాడాడు, మళ్ళీ పెట్టారు. స్వతంత్రం వచ్చాక కూడా పేదరికంలోనే బతికి 1952లో పోయాడు. ఇది తెలిసిన పిల్లవాడు ఆ పాటను ఊరికే గెంతుతూ పాడలేడు.

అన్నిటికన్నా నాకు గుండె మండేది బుర్రకథ గురించి. మా బడిలో ఏటా అల్లూరి సీతారామరాజు కథ ఉండేది. నడుమ తంబుర పట్టుకుని కథకుడు, చెరోవైపు గుమ్మెటలతో వంతలు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. కథ, పాటలు ఎలాగూ పుస్తకంలో ఉంటాయి. రాజకీయం మాత్రం పుస్తకంలో ఉండదు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరుగుతుంటే కథ ఆపి, ఇవాళ మన ఊళ్ళో రేషను బియ్యం సంగతేమిటి అనే మాట ఆ వంత అనాలి. కాబట్టి ఆ వేషం ఎవడిదైతే వాడు రోజూ పొద్దున్నే గ్రంథాలయానికి పోయి పేపరు చదివేవాడు, తన మాటలు తనే రాసుకునేవాడు. అటవీ చట్టాలు మన్యం జనాన్ని ఎలా పిండాయో, కొయ్యూరు దగ్గర 1924 మే 7న ఏం జరిగిందో తెలిస్తే తప్ప ఇవాళ్టి మాట దానికి అతకదు. పొన్నెకల్లు షేక్ నాజర్‌గారు బెంగాల్ కరువు మీద, పల్నాటి యుద్ధం మీద కథలు చెబితే ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చింది ఈ కళకే. చరిత్రనీ వర్తమానాన్నీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టే ఇలాంటి పాఠం ఏ బోధనాశాస్త్రంలో ఉంది? ఇప్పుడు బడి వార్షికోత్సవంలో బుర్రకథ అంటే ముందే రికార్డయిన ట్రాక్. ముగ్గురు పిల్లలు దానికి చేతులూపుతారు. రాజకీయపు వంతకి సొంతంగా అనడానికి ఒక్క మాట లేదు.

కాగితాల మీద లోటేం లేదు. పదో తరగతిదాకా కళలు తప్పనిసరిగా నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అన్నది. కళలకీ శాస్త్రాలకీ మధ్య గోడ ఉండకూడదని 2020 విద్యావిధానం అన్నది. నేను చూసిన బడుల్లో మాత్రం డ్రాయింగు పీరియడు లెక్కల ట్యూషను పాలైంది. పాఠ్యపుస్తకం మొదట్లో రాజ్యాంగ పీఠిక ఉంటుంది, పిల్లలు గడగడా అప్పజెపుతారు. అసలు రాజ్యాంగ ప్రతికి నందలాల్ బోసు, ఆయన శాంతినికేతన్ శిష్యులు బొమ్మలు వేశారని, మొహెంజొదారో ముద్ర మీది ఎద్దునుంచి దండి యాత్ర దాకా దేశచరిత్రంతా ఆ పేజీల్లో గీసి ఉందని చెప్పేదెవరు? రాజమండ్రి పిల్లల్ని దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీకి తీసుకువెళ్ళడానికి బస్సు కూడా అక్కర్లేదు, నడిచి వెళ్ళొచ్చు. 28 ఏళ్ళు నిండకుండానే పోయిన ఆ మనిషి తెలుగు వాళ్ళనీ గోదావరినీ ఎలా చూశాడో ఒక పూట చూపిస్తే చాలు.

డ్రాయింగు పీరియడు, పాటల పీరియడు తిరిగి ఇచ్చెయ్యండి. జనవరి 26కి స్పీకర్ల అద్దెకు పెట్టే డబ్బు ఒక గుమ్మెట జతకు చాలదా? మన పల్లెల్లో బుర్రకథ చెప్పినవాళ్ళు ఇంకా ఉన్నారు. పిలిస్తే వస్తారు, గౌరవంగా పిలవండి. రాజకీయపు వంత మాటలు మాత్రం పిల్లలనే రాయనివ్వండి, టీచర్లు దిద్దకండి.