డబ్బా కొట్టిన డబ్బా కారు

రామకుప్పంలో ఓ ఫ్యాన్సీ షాపులో అంబాసిడర్ దొరుకుతోంది. తెల్లరంగు. నెత్తిన ఎర్రబుగ్గ. వెనక్కి లాగి వదిలితే సర్రున పోతుంది. ధర రూ.250. పెట్టె మీది పొగడ్తలు చదివితే పాతిక లక్షల కారు కూడా సిగ్గుతో చచ్చిపోవాలి. ‘డై కాస్ట్ మెటల్’. ‘రెట్రో స్టైల్’. ‘1:24 స్కేల్’. ఇందులో నిజమెంత?

అసలు అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు రావాలి. కొలిస్తే 12. మిగతా 6 ఎవడు మింగినట్టు? రోడ్డు కాంట్రాక్టరేమన్నా బొమ్మల వ్యాపారంలోకి దిగాడా? పొట్టిదని నా ఏడుపు కాదు. పక్కనే పుంగనూరు ఆవు లేదా? మూడడుగుల లోపే. అయినా పొదుగుంది, పాలున్నాయి, వెన్నుంది. దానికెవరూ స్టిక్కర్లు అంటించలేదు.

ఇక మెటల్. డై కాస్ట్ అంటే కరిగిన జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించి పోత పోయడం. అయస్కాంతం పెట్టి పరీక్షించబోయేరు, జింకుకు అది అతుక్కోదు. (అమ్మేవాడి ధైర్యం అదే!) చేత్తో పట్టుకోండి. లోహమైతే చల్లగా, బరువుగా తగలాలి. దీని టాపు, బానెట్టు చల్లగానే ఉన్నాయి. తిరగేస్తే? అడుగంతా ప్లాస్టిక్. బంపర్లు ప్లాస్టిక్. క్రోమ్ మెరుపు గోటికే లేచొస్తుంది. హెడ్‌లైట్లు రెండు పెయింటు చుక్కలు. పైన పటారం, లోన లొటారం.

రెట్రో సంగతి మరీ దారుణం. ఇటలీవాళ్లు 1957 నాటి ఫియట్ 500 రూపాన్ని 2007లో మళ్లీ తెచ్చారు. లోపల మాత్రం అన్నీ కొత్తవే. మనవాళ్లో? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చునే 1950ల నుంచి 2014 దాకా ఈడ్చుకొచ్చారు. మధ్యలో, 2004లో, ‘అవీగో’ అంటూ పాత కారుకే పాత కారు వేషం కట్టారు! చివరికి 2017లో పేరును పెజోకు రూ.80 కోట్లకు అమ్మేశారు. అదే ఏడాది మే 1న ఎర్రబుగ్గలూ పీకేశారు. బుగ్గ పోయింది సరే, దర్జా పోయిందా? కాన్వాయ్ దాటేదాకా రోడ్డు పక్కన నిలబడే ఆటోవాణ్ని అడగండి.

ఇక బొమ్మల మీద చట్టాలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఏటికొప్పాక బొమ్మల్ని మెచ్చుకున్నారు. బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎగబాకింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ అమ్మితే నేరం. రెండేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. మరి ఈ పెట్టె మీద ఆ గుర్తేదీ? దాని బదులు చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క: ‘14 ఏళ్లు దాటినవారి సేకరణకు మాత్రమే’. ఎందుకు? రూలు 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకే గనక! మరి అదే పెట్టె మీద పళ్లికిలిస్తున్న కార్టూన్ బుడ్డోడెవడు? వాడికి మీసాలొచ్చాయా? రంగులో సీసం ఉందో లేదో నోట్లో పెట్టుకునే పసివాడు తేల్చాలా?

తనిఖీలు జరగలేదనకండి. 2023 జనవరిలో మాల్స్ మీద, విమానాశ్రయాల దుకాణాల మీద దాడులు చేసి వేల బొమ్మలు పట్టుకున్నారు. మనకా బెంగ లేదు. మా పక్కనే కుప్పం విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపనైతే చేశారు. విమానం ఇంకా దిగలేదు. ఇక అధికారి ఎక్కణ్నుంచి దిగుతాడు?

కంపెనీవాడు ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. ‘తెరుచుకునే తలుపులు’ అని రాశాడు. తెరుచుకున్నాయి. మూసుకోవడం లేదు. ఇదేమిటని షాపాయన్ని నిలదీశాను.

“మూసుకుంటాయని యాడన్నా రాసుండాదా సార్?” అన్నాడు.