మేస్త్రీ ఒప్పుకోని గాజు చిట్కాలు

కాంక్రీట్‌లో గాజు వాడదలిస్తే ముందుగా సీసాలు పగలగొట్టకండి. బాగున్న సీసా కడిగి మళ్లీ నింపడానికి పనికొస్తుంది, దాన్ని పాత సామాన్లవాడికే ఇవ్వండి. ఎవరూ కొనని పెంకులు, కిటికీ అద్దాల తునకలు మాత్రం పక్కన పెట్టండి.

బలం కావాలంటే ఆ గాజును పిండి చేయించండి. ఈ మాట వింటే ఏ మేస్త్రీ అయినా తల అడ్డంగా ఊపుతాడు. ముక్క గట్టిగా ఉందిగా, కంకర బదులు వేసేద్దాం అంటాడు. వేయనివ్వకండి. సీసా గాజులో 70 శాతం పైగా సిలికాయే. ఇసుకలోని సిలికాలాగా అది స్ఫటికం కాదు గనుక సిమెంట్‌లోని క్షారం దాన్ని తేలిగ్గా తినేస్తుంది. ముక్క చుట్టూ జెల్ పుట్టి, తేమ తాగి ఉబ్బి, కాంక్రీట్‌ను లోపలినుంచి చీలుస్తుంది. కొన్ని రకాల రాళ్లతో ఇదే జబ్బు వస్తుందని 1940లో కాలిఫోర్నియా ఇంజనీరు థామస్ స్టాంటన్ బయటపెట్టారు. గాజు రేణువు 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నమైతే ఈ ఉబ్బు బాగా తగ్గిపోతుంది. సిమెంటంత మెత్తగా నూరితే ఆ సిలికాయే సిమెంట్ వదిలే సున్నంతో కలిసి కాంక్రీట్‌కు బలమిస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. అమెరికాలోని ఏఎస్‌టీఎం సంస్థ ఇలాంటి గాజు పొడికి 2020లో సి1866 అనే ప్రమాణం తెచ్చింది.

28వ రోజు కాంక్రీట్ క్యూబ్ బల పరీక్షలో నెగ్గిందని నమ్మేయకండి. ఉబ్బు నెలలకో ఏళ్లకో బయటపడుతుంది. ఆ గాజు కలిపిన మోర్టార్ కడ్డీని 80 డిగ్రీల కాస్టిక్ సోడా ద్రావణంలో 14 రోజులు ఉంచి, ఎంత సాగిందో కొలిచే పరీక్ష ల్యాబ్‌లో అడగండి. సాగుదల 0.10 శాతం దాటకూడదు.

బూడిద (ఫ్లై యాష్) కలిసిన సిమెంట్, అంటే పీపీసీ, నాసిరకమని భయపడేవాళ్లు చాలామంది. గాజు వాడే చోట అదే కావాలని పట్టుబట్టండి. పీపీసీ బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా ఉండే ఫ్లై యాష్ ఈ ఉబ్బును అణుస్తుంది. మాల్ బిగుసుకుపోతే నీళ్లు పోయనివ్వకండి, ప్లాస్టిసైజర్ వేయించండి.

పెంకులు ఎంత తళతళలాడినా కడిగించండి. కూల్‌డ్రింక్ సీసా అడుగున మిగిలిన తీపి సిమెంట్‌ను త్వరగా గట్టిపడనివ్వదు. ట్యూబులైట్లలో పాదరసం, పాత టీవీల పిక్చర్ ట్యూబుల్లో సీసం ఉంటాయి గనుక వాటిని దగ్గరికే రానివ్వకండి.

రంగు ముక్కలు కనబడాలన్న ముచ్చట ఉంటే స్లాబు, స్తంభాల జోలికి పోకుండా ఎపాక్సీతో మొజాయిక్ గచ్చు వేయించుకోండి. ఎపాక్సీలో సిమెంట్ క్షారం ఉండదు, ముక్క పెద్దదైనా ఈ ఉబ్బు భయం లేదు.