బీరువా నిండా బట్టలే, వేసుకోడానికి ఒక్కటీ లేదట!

ఏవోయ్ అబ్బాయ్, నీ బీరువా తలుపు తీస్తే బట్టలొచ్చి మీద పడుతున్నాయి. అయినా పెళ్లిపిలుపు రాగానే "తాతయ్యా, వేసుకోడానికి ఏమీ లేదు" అంటావు. పైగా ఈమధ్య ఫోనులో ఎవడో గడ్డపాయన చెప్పాడని కొత్త పాట ఎత్తుకున్నావు. మగాడికి తెల్లచొక్కా ఒకటి, లేతనీలం ఒకటి, బూడిదరంగు ప్యాంటు, నేవీబ్లూ కోటు, నల్లబూట్లు ఉంటే చాలట. ఏది దేనిమీద వేసినా నప్పాలట. దాన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటారట. నాయనా, మా రోజుల్లో గుమాస్తా దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఉన్నది అదే. కాకపోతే మేం దాన్ని జీతం చాలకపోవడం అనేవాళ్లం.

మా రోజుల్లో గుడ్డ కొనడానికీ చొక్కా తొడుక్కోడానికీ మధ్య నెలరోజుల కథ నడిచేది. సంక్రాంతికి ముందు రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టలకొట్టుకి వెళితే, చెప్పులు బయట విప్పి తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూచోవాలి. కొట్టాయన తానులు ఒక్కొక్కటే దొర్లించేవాడు. పాప్లిన్, లాంగ్‌క్లాత్, టెరికాట్. నాన్నగారు కొస పట్టుకుని గుప్పిట్లో నలిపి వదిలి, ముడత ఎంతసేపటికి పోతుందో చూసేవారు. వెలుతురుకి ఎత్తి నేత చూసేవారు. ఆఖరికి "ఇంకోటి తియ్యండి" అనేవారు. కొట్టాయన విసుక్కునేవాడు కాదు, సోడా తెప్పించేవాడు. నువ్వేమో మంచం మీద పడుకుని వేలితో అద్దాన్ని రుద్ది కొనేస్తావు. వచ్చింది నచ్చకపోతే తిరిగి పంపేస్తావు. గుడ్డ గుణం అద్దం మీద తెలుస్తుందిటోయ్?

తెచ్చిన గుడ్డని రాత్రంతా నీళ్లలో నానేసి, నీడపట్టున ఆరేసేవాళ్లం. కుంచించుకుపోయేదేదో కుట్టకముందే పోవాలని. అప్పుడు టైలరు సాయిబుగారి దగ్గరికి. మెళ్లో టేపు, చెవిమీద పెన్సిలు. భుజం, ఛాతీ, నడుం, చెయ్యి, మెడ అని ఆయన కేకేస్తుంటే, కుర్రాడు పుస్తకంలో ఎక్కించి, గుడ్డమూల చిన్నముక్క కత్తిరించి ఆ పేజీకే గుచ్చేవాడు. నా కుడిభుజం ఎడమదానికంటే రవ్వంత దిగి ఉంటుందని మా అమ్మకి తెలీదు, ఆయనకి తెలుసు. నాతో ఒక్కమాట అనకుండా కోటులో ఆ పక్కన లోపల కాస్త దూది పెట్టి సరిచేసేశాడు. ఇప్పుడు మనుషులందర్నీ ఎమ్, ఎల్, ఎక్సెల్ అని మూడు గంపల్లోకి పోసేశారు. ఏ గంపలోనూ పట్టనివాడు జిమ్ముకి వెళ్లాలి.

కాలర్ సంగతీ విను. సాయిబుగారు లోపల బక్రం పెట్టి కుట్టేవారు. ఇప్పుడు చాలావాటికి జిగురున్న గుడ్డ పెట్టి, వేడిచేసి నొక్కేస్తున్నారు; నాలుగు ఉతుకులు పడేసరికి కాలర్ మీద పొక్కులు లేస్తున్నాయి. మా చొక్కా మెడదగ్గర చిరుగుపడితే, కాలర్ విప్పించి, తిరగేసి కుట్టించుకునేవాళ్లం. లోపలివైపు పైకి వచ్చేది. చొక్కాకి మళ్లీ ఆయుష్షు. ఆ తర్వాత అది తమ్ముడికి. ఆ తర్వాత అమ్మ గుండీలు కోసి డబ్బాలో వేసుకునేది, గుడ్డ వంటింట్లో మసిగుడ్డయ్యేది. లాల్చీకైతే గుండీల బెంగకూడా లేదు, గొలుసుతో కలిపిన బంగారు గుండీలు ఒక్క సెట్టు ఉంటే ఏ లాల్చీకి కావాలంటే దానికి పెట్టుకోడమే. ఉతికేముందు తీయడం మర్చిపోతే ఇంట్లో ఎంత గొడవో నీకు తెలీదు.

ఇక పంచె. వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడగట్టి, ఇంత నీలిమందు కలిపి, పంచె ముంచి పిండి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఫెళఫెళమని జాడించాలి. ఆరాక నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి కాసేపు ఉంచి, కొబ్బరిచిప్పల బొగ్గులు పోసిన ఇత్తడి ఇస్త్రీపెట్టెతో రుద్దాలి. నిప్పురవ్వ రాలి చిల్లి పడిందా, ఆ చిల్లి కుచ్చిళ్లలోకి పోయేట్టు కట్టుకోడం ఒక విద్య. ఇప్పుడు ఆ స్థానంలో వెల్క్రో అంటించిన పంచెలొచ్చాయి. చర్రుమని లాగితే ఊడొస్తుంది. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు నడుం దగ్గర చర్రుమంటే పురోహితుడికి మంత్రం ఆగదా?

శ్రీకాకుళం జిల్లా పొందూరు పేరు విన్నావా? అక్కడ పత్తిని వాలుగచేప దవడ ఎముకతో, ఆ సన్నటి పళ్లతో దువ్వి శుభ్రం చేస్తారు. చేత్తో వంద కౌంటు నూలు దాకా వడుకుతారు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచెలే ఇష్టపడి కట్టేవారు. తెరమీద ఎన్ని సూట్లు వేసినా, బయట ఆ తెల్లటి ఖద్దరులో ఆయన నడిచొస్తే ఆ దర్జా వేరు. రాధాకృష్ణన్‌గారిదీ ఎప్పుడూ ఒకటే వేషం. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసరయ్యారు, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఏ ఫోటో చూసినా తెల్ల తలపాగా, మెడదాకా గుండీలున్న పొడుగు కోటు, పంచె. పొద్దున్నే లేచి ఇవాళేం వేసుకోవాలని ఆయన బీరువా ముందు నిలబడి ఉంటారంటావా?

మావన్నీ గొప్పేనని కాదులే. టెరిలిన్ వచ్చినప్పుడు మేమూ ఎగబడ్డాం. ఉతికిన అరగంటకి ఆరేది, ఇస్త్రీ అక్కర్లేదు, రోహిణీకార్తెలో వేసుకుంటే మాత్రం లోపల మనిషి ఉడికిపోయేవాడు. డెబ్బైల్లో బెల్‌బాటమ్‌లు వేసుకుని మున్సిపాలిటీవాళ్లు వదిలేసిన వీధులన్నీ మేం ఊడ్చాం. నా పెళ్లికి మామగారు పెట్టింది ఉన్ని సూటు, వైశాఖమాసంలో! ఫోటోలో ఎంత చక్కగా నవ్వుతున్నారో అంటారు చూసినవాళ్లు. అది నవ్వు కాదు, దురద. అయినా మా తిప్పలు వేరు, మీ తిప్పలు వేరు. ఎలా వేరని అడక్కు.

ఇన్ని నీతులు చెబుతూ తమరు ఇప్పుడేం వేసుకున్నారో అదికూడా రాయమంటోంది మీ మామ్మ. ఎలాస్టిక్ నడుం లాగూ, నువ్వు పారేసిన టీషర్టూ. దానిమీద ఇంగ్లీషులో ఏదో ఉంది, చదవలేదు. మెత్తగా ఉంది. ఇంట్లో నన్నెవడు చూడొచ్చాడు?

మొన్న నువ్వు గూర్ఖా ప్యాంటని ఒకటి తెచ్చావు చూడు, నడుం పైదాకా, ముందు మడతలు, పక్కన బకిల్‌లు. కొత్త ఫ్యాషనట. మా నాన్నగారి పాత ఫోటోలో అదే నడుం, అవే మడతలు. అప్పుడు కుట్టుకూలి ఎంతో చెబితే నువ్వు ఏడుస్తావు, నువ్విచ్చిన ధర వింటే ఆయన ఏడుస్తారు.

సరే, అసలు సంగతికొస్తా. ట్రంకుపెట్టెలోంచి నా జోధ్‌పురి కోటు తీసి, కలరా ఉండల కంపని ముక్కు మూసుకుంటూనే తొడుక్కున్నావని విన్నాను. భుజాల దగ్గర అతికినట్టుందట, పొట్ట దగ్గర గుండీ పట్టలేదట. ఒకసారి తిరగేసి లోపల చూడు. పక్కకుట్టుల్లో చెరో అంగుళం గుడ్డ మడిచి వదిలాడు సాయిబుగారు, పెళ్లయ్యాక పనికొస్తుంది బాబూ అని. నాకు అక్కర్లేకపోయింది. (మీ మామ్మ నవ్వుతోంది, నవ్వనీ.) ఆ కుట్లు విప్పితే నీకు సరిపోతుంది. మాల్‌లో ఆల్టరేషన్ కుర్రాడికి మాత్రం ఇవ్వకు, ప్యాంటు అడుగు కత్తిరించడం తప్ప వాడికేమీ రాదు. కోటగుమ్మం దగ్గర సందులో సాయిబుగారి మనవడు ఇంకా మిషను తొక్కుతున్నాడట. వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు. నీకు కొలతలివ్వడం రాదు, టేపు చూడగానే పొట్ట లోపలికి పీల్చేస్తావు.