ఈ ఏడాది కొత్త మోడల్: సీఈఓ

కార్ల పరిశ్రమలో చెప్పిన తేదీకి ఠంచనుగా మార్కెట్లోకి దిగే సరుకు ఒక్కటే ఉంది. కారు కాదు, సీఈఓ. 2024 డిసెంబరు 1న స్టెలాంటిస్ నుంచి కార్లోస్ తవారెస్ ఉన్నపళంగా తప్పుకున్నారు. 2025లో ఏప్రిల్ 1నే ముహూర్తం పెట్టుకుని, ఆ తేదీకున్న పేరును పట్టించుకోకుండా, రెండు కంపెనీలు ఒకేరోజు కొత్త అధిపతులను కుర్చీ ఎక్కించాయి. నిస్సాన్‌లో మకోటో ఉచిదా దిగి ఇవాన్ ఎస్పినోసా ఎక్కారు; వోల్వోలో జిమ్ రోవన్ దిగి హోకన్ సామ్యూయెల్సన్ ఎక్కారు. ఈ సామ్యూయెల్సన్ కొత్తవారేమీ కాదు, 2012 నుంచి 2022 దాకా అదే కుర్చీలో కూర్చుని దిగినవారే, అప్పటికి వయసు 74. పాత బండ్ల ప్రకటనల్లో రాసినట్టు సింగిల్ ఓనర్, కంపెనీ సర్వీసింగ్, కండిషన్ గుడ్. జూన్ వచ్చేసరికి రెనో అధిపతి లూకా డి మెయో గూచీ హ్యాండ్‌బ్యాగుల యజమాని అయిన కెరింగ్ సంస్థకు వెళ్లిపోతున్నట్టు తెలిసింది. ఆయన కంపెనీ అప్పటికి బాగానే నడుస్తోంది గనుక ఆయన లెక్క వేరు. అయినా కార్ల కంటే సంచులు అమ్ముకోవడమే నయమని తోచి ఉంటే ఆయన్ను తప్పు పట్టలేం.

ఇలా అధిపతి మారిన ప్రతిసారీ పత్రికలు కొత్త శకం అంటాయి, విశ్లేషకులు జాతకం చూస్తారు, డీలర్లు మాత్రం గోదాములో మిగిలిన బండ్లను మరోసారి లెక్కపెట్టుకుంటారు. కంపెనీ బోర్డులకు అతి చవకగా దొరికే కొత్త మోడల్ సీఈఓయే. అచ్చులు పోయించనక్కర్లేదు, క్రాష్ టెస్ట్ అక్కర్లేదు, ఒక్క ప్రెస్‌నోట్ చాలు. చిక్కల్లా ఏమిటంటే, ఈ ఏడాది షోరూమ్‌లో బండి కదలడం లేదంటే ఆ పాపం ఈ ఏడాదిది కాదు. నాలుగైదేళ్ల క్రితం ఏ కారు గీయాలో, ఏది వద్దో తేల్చినప్పుడే అమ్మకాల తలరాత రాసేశారు. ఆ రాత రాసినవారు ఒకరు, దానికి శిక్ష పడేది ఇంకొకరికి, శిక్ష వేసేది మూడోవారు. ఆ మూడోవారు మాత్రం మారరు.

నిస్సాన్‌ను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 2017 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ ప్రపంచమంతటా అమ్మిన బండ్లు 57.7 లక్షలు. 2024 ఆర్థిక సంవత్సరానికి అవి 33.5 లక్షలకు పడిపోయాయి, 67,090 కోట్ల యెన్ల నష్టం వచ్చింది. ఈ మధ్యలో అధిపతుల సంఖ్యకు మాత్రం లోటు రాలేదు. 2018 నవంబరులో చైర్మన్ కార్లోస్ గోన్ జీతభత్యాల లెక్కలపై ఆరోపణలతో టోక్యోలో అరెస్టయ్యారు. ఆరోపణలన్నిటినీ తోసిపుచ్చిన ఆయన, మరుసటి ఏడాది డిసెంబరులో సంగీత పరికరాల పెట్టెలో దాక్కుని దేశం దాటి బేరూత్ చేరారు. గోన్ జీతభత్యాల లెక్కల మీద కన్నెర్ర చేసిన సీఈఓ హిరోటో సైకావా 2019 సెప్టెంబరులో దిగిపోవలసి వచ్చింది. కారణం, తన జీతభత్యాల లెక్కల్లో తేలిన అదనపు సొమ్ము. అది తనకు తెలియకుండా జరిగిందని, తిరిగి ఇచ్చేస్తానని ఆయన అన్నారు. తర్వాత రెండున్నర నెలలు యాసుహిరో యమౌచి తాత్కాలికంగా కుర్చీ కాపాడారు. డిసెంబరులో ఉచిదా, అశ్వనీ గుప్తా, జున్ సెకి ముగ్గురు కలిసి పగ్గాలు పట్టారు. సెకి నెల తిరక్కుండానే వేరే కంపెనీకి వెళ్తున్నట్టు చెప్పేశారు. మన దేశం నుంచి వెళ్లి అంత ఎత్తుకెదిగిన గుప్తా 2023లో బయటికొచ్చి, 2024 జనవరి నుంచి అదానీ పోర్ట్స్ సీఈఓగా ఉన్నారు. మన కృష్ణపట్నం, గంగవరం రేవులు ఆ కంపెనీవే. ఓడ ఎంత పాతదైనా రేవుకు నష్టం లేదు గనుక ఆయన సుఖపడ్డారనే అనుకోవాలి.

ఈ మనుషుల రాకపోకలు పక్కన పెట్టి అదే కాలంలో ఒక్క బండిని చూడండి. అమెరికాలో నిస్సాన్ అమ్మిన ఫ్రంటియర్ అనే పికప్, 2005 మోడల్‌గా వచ్చిన రూపంలోనే 2021 దాకా అమ్ముడైంది. పదహారేళ్లు! 2020లో దానికి కొత్త ఇంజిన్, తొమ్మిది గేర్ల కొత్త గేర్‌బాక్స్ పెట్టి, పైన మాత్రం అదే పాత ఒళ్లు ఉంచారు. రాబోయే కొత్త బండి గుండెను ముందే తెచ్చి ముసలిదానికి అమర్చారన్నమాట. ఆ ఒక్క రూపం అమ్ముడవుతుండగానే కంపెనీకి గోన్, సైకావా, యమౌచి, ఉచిదా అని నలుగురు అధిపతులయ్యారు. దీనికి మూలం వెతికితే 2011 నాటి పవర్ 88 అనే ప్రణాళిక దగ్గర తేలుతుంది. ప్రపంచ మార్కెట్లో 8 శాతం వాటా, 8 శాతం లాభం రెండూ కావాలన్నారు. వాటా కోసం అమెరికాలో అద్దెకార్ల కంపెనీలకు గుత్తగా అమ్మారు, కొనేవాళ్లకు డిస్కౌంట్లు గుమ్మరించారు. డిస్కౌంటుకు అలవాటు పడిన కొనుగోలుదారు మళ్లీ అసలు ధర ఇవ్వడు. అసలు ధర రాని కంపెనీకి కొత్త మోడల్‌కు పెట్టుబడి మిగలదు. కొత్త మోడల్ లేకపోతే మళ్లీ డిస్కౌంటే దిక్కు. ఈ గానుగ 2024లోనూ తిరుగుతూనే ఉంది. అమెరికా జనం హైబ్రిడ్‌లకు ఎగబడుతున్న ఆ ఏడాది అక్కడ అమ్మడానికి నిస్సాన్ దగ్గర ఒక్క హైబ్రిడ్ లేదు. ఆ విద్య తెలియక కాదు. జపాన్‌లో ఈ-పవర్ పేరుతో 2016 నుంచే అమ్ముతోంది. చాలామంది కంటే ముందు 2010లోనే లీఫ్ అనే విద్యుత్ కారును తెచ్చిందీ ఆ కంపెనీయే. ముందు నిద్ర లేచి, బస్సు తప్పిపోయేదాకా మంచం మీదే కూర్చోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

నెలల లెక్క మరీ ముచ్చటగా ఉంటుంది. కొత్త కారు తయారీని వేగవంతం చేస్తానని ఎస్పినోసా మాట ఇచ్చారు. ఒక కుటుంబంలో మొదటి కారుకు 37 నెలలు, దాని వెనక వచ్చే వాటికి 30 నెలలు. అది కూడా ఇప్పటి పద్ధతి కంటే బాగా తగ్గించుకున్న లక్ష్యం. మరి సైకావా సీఈఓగా ఉన్నది 2017 ఏప్రిల్ నుంచి 2019 సెప్టెంబరు నడిమి దాకా, అంటే ముప్పై నెలలు కూడా నిండలేదు. వోల్వోలో రోవన్‌కు దక్కింది మూడేళ్లు. ఫోర్డ్‌లో 2014 జులైలో వచ్చిన మార్క్ ఫీల్డ్స్‌ను 2017 మేలో సాగనంపారు, మూడేళ్లు నిండకుండానే. వీళ్లలో ఎవరైనా చేరిన రోజే కాగితం మీద గీత గీసినా, ఈ కొత్త వేగం లెక్కన చూసినా, ఆ కారు రోడ్డెక్కేలోపే వాళ్లు ఇంటికి చేరారు. సైకావా దిగిన కారణం వేరు గాని, మిగతావారు పాత అధిపతి కార్లు అమ్ముడుపోలేదని పదవి పోగొట్టుకుని, తమ కార్లను వెనక వచ్చేవారి నెత్తిన పెట్టి వెళ్లారు. ఉచిదాకు ఐదేళ్ల పైచిలుకు సమయం దొరికింది గనుక ఆయనకు ఈ సాకు పూర్తిగా పనికిరాదు. అయితే ఆయన ఏం చేశారో కూడా చూడాలి. మూడేళ్లలో అమ్మకాలను మరో 10 లక్షలు పెంచుతాం, 30 కొత్త మోడళ్లు తెస్తాం అంటూ 2024 మార్చిలో ఆర్క్ అనే ప్రణాళిక ప్రకటించారు. ఎనిమిది నెలలు తిరక్కుండా, నవంబరులో 9,000 ఉద్యోగాలకు, 20 శాతం ఉత్పత్తి సామర్థ్యానికి కోత పెడుతున్నామన్నారు. ఈ ప్రణాళికలకు పేర్లు పెట్టే ఉద్యోగం మాత్రం ఆ కంపెనీలో ఎప్పుడూ భద్రమే: రివైవల్, 180, వేల్యూ అప్, పవర్ 88, నెక్స్ట్, ఆర్క్, ఇప్పుడు రీ:నిస్సాన్. పేరు ఏదైనా కోత మాత్రం మారదు. 1999లో 21,000 ఉద్యోగాలు, 2009లో 20,000, 2019లో 12,500, 2025లో మళ్లీ 20,000.

మరి ఈ ప్రణాళికలకు తలూపిందెవరు? ఆర్క్‌ను ఆమోదించిన బోర్డే ఆర్క్ తప్పినందుకు ఉచిదాను మార్చింది. 2019లో బోర్డు అధ్యక్షుడైన యాసుషి కిమురా, ఉచిదా దిగిన నాటికీ అదే స్థానంలో ఉన్నారు. ఆ బోర్డులో ఎవరిని అడిగినా పర్యవేక్షణ తప్ప పరిపాలన మా పని కాదంటారు. అందరూ శాకాహారులే గాని రొయ్యల బుట్ట మాయం. ఇక ఉచిదాతో పాటు వెళ్లిన మరో ముగ్గురు అధికారులకు కలిపి 64.6 కోట్ల యెన్లు ముట్టజెప్పారు; ఆ ఏడాది వాటాదారులకు డివిడెండ్ సున్నా. 2025 నవంబరులో యొకొహామాలోని సొంత ప్రధాన కార్యాలయాన్ని 9,700 కోట్ల యెన్లకు అమ్మేసి, అదే భవనంలో 20 ఏళ్లు అద్దెకుండేలా ఒప్పందం రాసుకున్నారు. సొంతింట్లోనే అద్దెకు దిగాక, నెలనెలా అద్దె కట్టే మనిషి ఎవరైతేనేం అని ఇంటి ఓనరు అనుకోవచ్చు.

సరే, నాయకుడితో పనే లేదా అని అడిగేవారుంటారు. ఉంది, చాలా ఉంది. 2006లో విమానాల కంపెనీ బోయింగ్ నుంచి ఫోర్డ్‌కు వచ్చిన అలన్ ములల్లీ, ఆ ఏడాది చివరికల్లా ఉన్నవన్నీ తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చారు. 2008లో జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌ను టాటాలకు అమ్మేశారు. మాంద్యంలో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసినా ఫోర్డ్ నిలబడింది. 1999లో నిస్సాన్‌ను మునగకుండా ఒడ్డుకు లాగిందీ అప్పట్లో ఇదే గోన్. కాకపోతే ములల్లీ 2014 దాకా ఉన్నారు, తాను పూనుకున్న కార్లు అమ్ముడవడం కళ్లారా చూశారు. గోన్ ఉదాహరణ రెండు వైపులా పదునున్నది. ఎక్కువ కాలం ఉండటం మంచిదే అనుకుంటే, పవర్ 88 కూడా ఆయన ఎక్కువ కాలం ఉన్నందువల్ల వచ్చిందే. కాబట్టి కుర్చీలో ఎన్నేళ్లున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ ఏళ్లలో దేనికి బోనస్ ఇచ్చారన్నదీ చూడాలి. స్టెలాంటిస్ దీనికి చక్కని పాఠం. 2023లో 1,860 కోట్ల యూరోల నికర లాభం చూపిన తవారెస్‌కు ఆ ఏడాదికి లెక్కగట్టిన పారితోషికం 3.65 కోట్ల యూరోలు. ఖర్చులు కోసి, ధరలు పెంచి పిండిన లాభమది. మరుసటి ఏడాది అమెరికా డీలర్ల దగ్గర జీపులు, ర్యాములు గుట్టలుపడ్డాయి, డీలర్లు ఆయన తీరును తప్పుబడుతూ బహిరంగ లేఖ రాశారు, లాభం 70 శాతం పడిపోయింది. లాభం వచ్చిన ఏడాది ఆయన మేధావి, పోయిన ఏడాది ఆయనే బాధ్యుడు. రెండేళ్లూ ఆయన చేసింది ఒకటే పని.

చైనా కంపెనీల దెబ్బకు ఎవరు తట్టుకోగలరన్నది మరో వాదన. ఇందులో నిజముంది. చైనాలో నిస్సాన్ 2018లో 15 లక్షలకు పైగా బండ్లు అమ్మి, 2024లో 7 లక్షల లోపుకు దిగింది. కానీ ఈ వాదన ఒప్పుకుంటే సీఈఓను మార్చడం మరీ అర్థం లేని పని అవుతుంది. తప్పు తుపానుదైతే నావికుడిని దించడమెందుకు?

మార్కెట్‌దే తప్పనేవారికి మన పక్కనే ఒక జవాబు కనిపిస్తుంది. చెన్నై దగ్గర ఒరగడంలో రెనోతో కలిసి నిస్సాన్ ప్లాంటు తెరిచింది 2010లో. 2014లో చవక కార్ల కోసం డాట్సన్ పేరును మళ్లీ తట్టి లేపారు, 2022లో దాన్ని పడుకోబెట్టేశారు. 2020 చివర వచ్చిన ఒక్క మాగ్నైట్ భుజాల మీదే దేశంలోని డీలర్లందరి అద్దెలూ, జీతాలూ ఏళ్ల తరబడి గడిచాయి. 2025లో ఒరగడం ప్లాంటులో తన 51 శాతం వాటాను రెనోకే ఇచ్చేయాలని నిర్ణయించింది. అదే దేశంలో, అవే పెట్రోలు ధరల మధ్య, 2017లో ఒప్పందం చేసుకుని పెనుకొండలో పునాది వేసిన కియా 2019 ఆగస్టుకల్లా సెల్టోస్‌ను అమ్మకానికి పెట్టింది, 2023 జులైకల్లా పది లక్షలవ బండిని బయటికి వదిలింది. 2024లో దేశంలో అమ్మినవే 2.5 లక్షలకు పైగా. ఐదేళ్లలో 900 ఇంజిన్లు మాయమయ్యాయని పోలీసులకు ఫిర్యాదు చేసుకున్న ప్లాంటు కూడా అదే. అన్ని ఇంజిన్లు పోయినా గిరాకీ పోలేదు! అక్కడా ఈ ఏళ్లలో భారత విభాగం అధిపతులు మారారు. సెల్టోస్ కొన్నవారిని ఆ పేర్లు అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. నాలుగేళ్లు తిరక్కముందే బండికి కొత్త రూపు వచ్చిందన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

కనుక నాదొక మనవి. అధిపతిని మార్చాలనుకున్న ప్రతి బోర్డూ ముందుగా షోరూమ్‌లోని ఒక్కో మోడల్ వయసు లెక్కగట్టి, నాలుగేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ తన సిట్టింగ్ ఫీజులో కొంత శాతం వదులుకోవాలి. ఈ లెక్కన ఫ్రంటియర్ ఒక్కటే పన్నెండేళ్ల కోత తెచ్చిపెట్టేది. డైరెక్టర్లు కార్లు తయారు చేయరు కదా, వాళ్లను బాధ్యులను చేయడం అన్యాయమని అభ్యంతరం వస్తుంది. నిజమే. కార్లు తయారు చేసేవాళ్లు యొకొసుకాలోని ఒప్పామా ప్లాంటులో ఉన్నారు, సుమారు 2,400 మంది. 1961 నుంచి నడుస్తున్న ఆ ప్లాంటులోనే మొదటి లీఫ్ తయారైంది. పవర్ 88 అయినా, ఆర్క్ అయినా వాళ్లనడిగి రాసినవి కావు. 2028 మార్చితో అక్కడ కార్ల తయారీ ఆపేస్తామని 2025 జులైలో ప్రకటించారు. ఎస్పినోసా కుర్చీ ఎక్కిన రోజే మొదటి కారుకు గీత గీయడం మొదలైందనుకున్నా, ఆయన చెప్పిన 37 నెలలు నిండేది 2028 మేలో.