ఆప్షన్ల సారు

వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్ ఆప్షన్లకు నోటిఫికేషన్ ఇచ్చిందంటే నల్లగొండలోనూ, పాలమూరులోనూ ఒక మనిషికి గిరాకీ అమాంతం పెరుగుతుంది. పొట్టకూటికి ఆయన హైస్కూల్లో సోషల్ చెప్తుండొచ్చు, ఎల్‌ఐసీ పాలసీలు కట్టిస్తుండొచ్చు, ఎరువుల దుకాణం నడుపుతుండొచ్చు. ఊరికి మాత్రం ఆప్షన్ల సారు. అర్హత ఒక్కటే: కొన్నేండ్ల కింద ఆయన పెద్దబిడ్డకు ఎంబీబీఎస్ సీటు వచ్చింది. చదివింది బిడ్డ, అనుభవం వచ్చింది సారుకు.

సారు చంకలో ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంటుంది. అందులో బిడ్డ చేరిన ఏటి కటాఫ్ ర్యాంకులు ఎర్రసిరాతో రాసి ఉంటాయి. ఆ తర్వాత సీట్లు పెరిగాయి, నీట్ పేపరు ఒక ఏడు మెత్తబడి మరో ఏడు గట్టిపడింది. నోట్‌బుక్కు మాత్రం మారలేదు. పాత టికెట్టుతో కొత్త సినిమాకు పోయినట్టు సారు ప్రతి ఏడూ దాంతోనే లోపలికి పోతాడు, ఎవరూ ఆపరు.

ఈ జాతి మన దగ్గర పుట్టి ఎక్కువ కాలం కాలేదు. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ ప్రైవేటులో ఉండేవి గాని, 2016 దాకా ఈ రెండు పాత జిల్లాల్లో సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. సర్కారు సీటు కావాలంటే జిల్లా దాటాల్సిందే. ఏరుకునేదే లేనప్పుడు సలహాకు విలువేముంది? 2016లో మహబూబ్‌నగర్ కాలేజీ వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, భువనగిరి. బీబీనగర్ ఎయిమ్స్ వేరే. డాక్టర్లు పెరగాలని కాలేజీలు పెట్టారు. డాక్టరుకు అయిదున్నరేండ్లు పడుతుంది, సారుకు అంత టైము పట్టలేదు.

మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఒక తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు.

"సారూ, నల్లగొండ ముందు పెట్టాల్నా, మహబూబ్‌నగరా?"

"ఫస్టు ఉస్మానియా పెట్టు తమ్మీ."

"గీ ర్యాంకుకు ఉస్మానియా యాడొస్తది సారూ?"

"రాదు. గట్లని పెట్టకుంటే మన లెవలేందో కంప్యూటరుకెట్ల తెలుస్తది?"

ఆ తర్వాత నోట్‌బుక్కు తెరిచి కాలేజీల జాతకాలు చెప్పాడు. బస్టాండుకు ఎంత దూరం, హాస్టల్లో మిషన్ భగీరథ నీళ్లా బోరు నీళ్లా (నల్లగొండ పేరెత్తితే ఫ్లోరైడు ముచ్చట తప్పదు), శనివారం సాయంత్రం ఇంటికి బస్సుందా లేదా. నడుమ ఎక్కడో "ఓపీల మంది ఎక్కువున్న దవఖాన చూసుకో, రోగిని చూస్తెనే చదువొస్తది" అన్నాడు. రెండు గంటల్లో పనికొచ్చే మాట అదొక్కటే. తండ్రి అప్పుడే చాయ్ చెప్పడానికి బయటికి పోయాడు.

సారుకు అన్నిటికన్నా ఇష్టమైన మాట 'జరుగుడు'. మొదటి విడతలో దొరికిన దాంట్లో చేరాలి, రెండో విడతలో పైకి జరగాలి. పై ఆప్షన్ తగిలితే చేతిలో ఉన్న సీటు దానంతటదే పోతుందన్న సంగతి ఆయన చిన్నగా చెప్తాడు, దగ్గు వచ్చినప్పుడు. ఒక పిల్లవాడు మహబూబ్‌నగర్‌లో చేరి, సీనియర్ దగ్గర బోన్‌సెట్టు సగం ధరకు కొనుక్కొని, రూమ్మేటుతో కుదురుకున్నాడు. రెండో విడతలో సిరిసిల్లకు జరిగాడు. ఆప్షన్లలో సిరిసిల్ల పైన ఎందుకుందంటే, అక్కడ సారు తోడల్లుడుంటాడు, తిండికి తిప్పలుండదు. వెనక్కి రావడానికి దారి లేకపోయింది. ఒకప్పుడు మొదటి ఏడు గట్టెక్కాక కాలేజీ మారే వీలుండేది, 2023 నిబంధనల్లో జాతీయ వైద్య కమిషన్ ఆ తలుపు మూసింది. తోడల్లుడు మాత్రం మంచివాడే అంటున్నారు.

సారు నిజంగా తడబడింది ఒక్క విషయంలో. "ఇంటర్‌కు విజయవాడ తోలుండ్రి" అనేది ఏండ్ల తరబడి ఆయన మొదటి మందు. కోదాడ దాటితే విజయవాడ ఎంతని? అలంపూరు వాళ్లకైతే కర్నూలు ఏరు దాటితే వస్తుంది. 2024 జులైలో జీవో 33 వచ్చి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేండ్లు తెలంగాణలో చదివితేనే లోకల్ అంది. కోర్టుల్లో నానాక 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది సరేనంది. పాలమూరులో పుట్టి పెరిగిన పిల్ల పాలమూరు కాలేజీకే నాన్‌లోకల్! తల్లిదండ్రులు గుంపుగా వచ్చి నిలదీస్తే సారు కండువా సర్దుకొని, "నేనప్పుడే అన్న గదా, ఏరు దాటొద్దని" అన్నాడు. ఎవరితో అన్నాడో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు కొత్త మందు ఇస్తున్నాడు: సెకండియర్ నడుమ టీసీ తీసుకొని ఇక్కడికి మార్పించుకొమ్మని. పోయిన ఫస్టియరుకు ఎవరు టీసీ ఇస్తారో చెప్పలేదు.

దేవరకొండ తండ్రి చాయ్ గ్లాసులతో తిరిగొచ్చేసరికి నోట్‌బుక్కు చివరి పేజీకి చేరింది. అంతసేపూ ఫోను చూసుకుంటున్న పిల్ల తలెత్తింది.

"ఆప్షన్లు నిన్న రాత్రే సబ్మిట్ కొట్టిన సార్."

తండ్రి చేతిలో చాయ్ ఒలికింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఫస్టు ఏం పెట్టినవ్ బిడ్డా?"

"ఉస్మానియా."

సారు చాయ్ అందుకొని తండ్రి దిక్కు తిరిగాడు. "చూసినవా? నేను చెప్పిందే పెట్టింది."