పలాస గ్రేడింగు, పరలోక గ్రేడింగు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దేవుడు ఈ మధ్య స్థలాల వ్యాపారంలోకీ, కార్ల అమ్మకాల్లోకీ దిగినట్టున్నాడు. అనుమానముంటే టెక్కలి నుంచి కాశీబుగ్గ దాకా ఏదో ఒక ప్రార్థనా మందిరానికి ఆదివారం సాక్ష్యాల వేళకి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. "దేవుడు మాకిచ్చిన కారును బట్టి స్తోత్రం. హైవే పక్కన దొరికిన ఆరు సెంట్ల స్థలాన్ని బట్టి స్తోత్రం. మా పెద్దోడి కెనడా వీసాను బట్టి స్తోత్రం." అన్ని సంఘాలూ ఇంతేనని అనను. గోనెపట్టా మీద కూర్చుని, పక్కింటి రోగి పేరు చెప్పి ఏడ్చే సంఘాలూ ఉన్నాయి. కాకపోతే వాటికి ఫ్లెక్సీలుండవు, యూట్యూబు ఛానెళ్లుండవు.

కారు కొన్నవాడు దేవుణ్ణి తలుచుకుంటే తప్పేం లేదు. షోరూముకి పూలదండ వెయ్యడం కంటే అదే నయం. పేచీ ఆ తరవాత మాట దగ్గర వస్తుంది: "నన్ను ప్రేమించాడు గనక ఇచ్చాడు." మరి నడిచొచ్చినవాళ్ల సంగతేమిటి? వాళ్ల మీద దేవుడికి కోపమా?

పలాసలో జీడిపప్పుకి నంబర్లుంటాయి. 180 అంటే పౌనుకి సుమారు 180 గింజలు తూగే లావు. 240, 320 అని నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది, ధర దిగుతుంది. ఆ కింద బద్ద, దాని కింద ముక్క. ఈ కొత్త సువార్త విశ్వాసుల్నీ ఇలాగే జల్లెడ పట్టింది. మేడా, కారూ, విదేశంలో కొడుకూ ఉన్నవాడు 180 నంబరు; ముందు వరస కుర్చీ, శాలువా, మైకూ అతనివే. వాయిదాల మీద బైకు కొన్నవాడు 320. రెండు నిమిషాల సాక్ష్యం. అద్దెకున్నవాళ్లు బద్దలు, కుర్చీలు సర్దుతారు. మంచాన పడ్డవాళ్లు ముక్కలు. వాళ్లకి సాక్ష్యం లేదు, ఆఖరున ఒక ప్రార్థన మనవి మాత్రం ఉంటుంది. అసలు పిక్క కొట్టి, పొట్టు తీసి, గింజల్ని నంబర్ల వారీగా వేరుచేసే ఆడవాళ్లు ఏ నంబరులోనూ లేరు. జీడి రసానికి నల్లబడిన ఆ వేళ్లతో వాళ్లు కానుకల సంచిలో వేసే పదిరూపాయల నోటుని మాత్రం ఎవరూ ఏరి పక్కన పెట్టరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం మీద విరుచుకుపడింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టం. తరాలుగా కూడబెట్టినది ఒక్క రాత్రిలో పోయిన ఊళ్లలో సైతం కొందరికి సాక్ష్యం దొరికింది: "దశమభాగం తప్పలేదు గనక మా ఇంటి మీద పెంకు కూడా కదల్లేదు." అంటే ఆ రాత్రి గాలి ఇంటింటికీ ఆగి, కానుకల రసీదులు చూసి మరీ ముందుకి సాగిందన్నమాట! పూరిల్లు ఎగిరిపోయి, స్లాబు ఇల్లు నిలబడితే ఘనత సిమెంటుది. దాన్ని దశమభాగం ఖాతాలో జమచేశారు. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని యేసే అడిగి, కాదని తనే జవాబు చెప్పాడు. లూకా సువార్తలో ఉంది. కానీ ఉజ్జీవ కూటాల ప్రసంగీకులకి ఆ పేజీ ఎందుకో అతుక్కుపోయి ఉంటుంది.

ఇక కిడ్నీల సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింతలా ఉందో తేల్చడానికి దేశవిదేశాల పరిశోధకులు ఏళ్ల తరబడి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం పరీక్షించారు. ఎండలో చెమటోడ్చే పని, నొప్పిమాత్రలు, పురుగుమందులు అన్నింటినీ అనుమానించారు. ఇదీ కారణం అని వేలు పెట్టి చూపలేకపోయారు. స్వస్థత కూటాల వేదిక మీద మాత్రం అయిదు నిమిషాల్లో తేలిపోతుంది: "విశ్వాసంలో లోపం ఉంది బ్రదర్." క్రియాటినిన్ చూడాల్సిన పని కూడా లేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇలాగే అడిగారు, ఎవరి పాపం, ఇతనిదా, తల్లిదండ్రులదా అని. ఎవరిదీ కాదన్నాడు గురువు. అని ఊరుకోలేదు, కళ్లు తెరిపించాడు.

ఆ కథని వేదికలకన్నా బాగా చదువుకున్న చోటు మన సోంపేటలోనే ఉంది. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీ వైద్యుడు బెన్ గలిసన్ చూపు పోయినవాళ్లని ఎవరి పాపమని అడగలేదు, శుక్లాలు తీశాడు. కాల్గరీ ఊరి వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌కి ఆ పని గురించి చెప్పి కదిలించాడు. 1963లో అందులోంచే ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. గమనించారా, ఆ వ్యాపారికి దేవుడు ఇంకో దుకాణం ఇచ్చినందుకు కాదు, అతని డబ్బు ఎవరో ముసలమ్మ కంట్లో వెలుగైనందుకు ఆ కథ మిగిలింది. మిషనరీలకూ దొరతనం ఉండేది, బంగళాలుండేవి; వాళ్లని దేవదూతల్ని చెయ్యాల్సిన పని లేదు. కానీ మనం వాళ్ల దగ్గర బంగళా నేర్చుకున్నాం, శుక్లం తియ్యడం వదిలేశాం.

పురుషోత్తమ చౌదరి గారు ఇవాళ సాక్ష్యం చెబుతానని వస్తే ఏమవుతుందో ఊహించండి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన బ్రాహ్మణుడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. శ్రీకాకుళంలో సేవ చేశాడు. తెలుగు క్రైస్తవులు ఈనాటికీ పాడుకునే కీర్తనలు రాశాడు.

"అయ్యా, ప్రభువును నమ్ముకున్నాక మీకేం కలిసొచ్చింది?"

"కులం వెలేసింది. అయినవాళ్లు దూరమయ్యారు."

"అది కాదండీ, స్థలమో, బండో..."

"కీర్తనలు రాశాను."

"మంచిది. ఒక పాట పాడి దిగిపోండి. తర్వాత కారు బ్రదర్ వస్తారు."

"విత్తన కానుక" అని ఇంకొకటి వచ్చింది. వెయ్యి విత్తితే లక్ష కోస్తావట. ఉద్దానం రైతుకి ఈ లెక్క చెప్పడానికి చాలా ధైర్యం ఉండాలి. జీడి మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందనీ, వచ్చిన తోట ఒక్క రాత్రిలో పోతుందనీ, పోకపోయినా 80 కిలోల పిక్కల బస్తాకి ధర తన చేతిలో ఉండదనీ తెలిసినవాడు అతను. ఈ విత్తనానికి పంటల బీమా ఉందా అని అడిగితే పాస్టరు అయ్యగారు ఏమంటారో! పంట ఎక్కువై, పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడు ఆ రాత్రే పోయాడని యేసు చెప్పిన కథ పలాసలో గోదాము ఉన్న ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. అర్థమవుతుందనే కాబోలు, గోదాము ప్రతిష్ఠ ప్రార్థనలో దాన్ని చదవరు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు పడుకోవాలి. వైద్యం ఉచితమైనా ఆటో ఉచితం కాదు. తోడు వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి ఉండదు. ఒక ఊళ్లో సంఘానికి సొంత వ్యాను ఉంది. ఆదివారం జనాన్ని తోలుకొస్తుంది, మిగతా రోజులు షెడ్డులో ఉంటుంది. "అయ్యగారూ, ఆ బండేదో మంగళారం, సుక్కురారం పలాస ఆస్పత్రికి తిప్పితే ఏటౌతాది?" అని ఒకావిడ అడిగిందట.

"డీజిలెవరు పోయిస్తారమ్మా?" అన్నారట అయ్యగారు.

ఆ వ్యాను వెనకద్దం మీద ఎర్ర రంగు పెద్దక్షరాలతో రాసుంది: "యెహోవా యీరే. దేవుడే చూసుకొనును."