బావగారి గురి

మా బావగారు వేటగాడు. ఇంతవరకు ఒక్క జంతువునూ కొట్టలేదు, అది వేరే సంగతి.

ఉండేది టెక్సాస్‌లో, ఆస్టిన్ శివార్లలో. ఆయన వేటగాడైన వైనం వీసాతో మొదలవుతుంది. హెచ్‌-1బి మీద ఉన్నవాడు అమెరికాలో తుపాకి కొనకూడదు. కానీ వేట లైసెన్సుంటే కొనొచ్చు. చట్టంలో ఆ సందుంది. రోజులు బాగాలేవు, ఇంట్లో ఒకటుండాలని తుపాకి కోసం లైసెన్సు తీసుకున్నారు. తీసుకున్న లైసెన్సు వృథా పోకూడదని వేటగాడయ్యారు. అదైనా రైఫిలుతో కాదు. "రైఫిలుతో ఎవడైనా కొడతాడోయ్," అంటారు. జింకను చేతి తుపాకితోనే కొట్టాలిట.

అక్క నలభై చీరలు విప్పించి ఒక్కటీ నచ్చలేదని లేచొచ్చిందని పాతికేళ్లుగా దెప్పే మనిషి, తుపాకుల కొట్లో అద్దాల బల్ల మొత్తం పరిపించాడు. నాలుగు శనివారాలు. మొదట .44 మాగ్నం రివాల్వరు తెచ్చారు. అది 1955లో వచ్చింది. దాని వెనక ఎల్మర్ కీత్ అనే ఐడహో పెద్దాయనున్నాడు. పెద్ద టోపీ, చుట్ట. గాయపడిన జింకను 600 గజాల నుంచి రివాల్వరుతో కొట్టానని పుస్తకంలో రాసుకున్నాడు. ఉస్తాదులు గురువుగారి పేరెత్తినప్పుడు చెవి ముట్టుకుంటారే, ఈయన పేరెత్తినప్పుడు బావగారూ అంతే.

తర్వాత అది చాలదనిపించింది. 2003లో వచ్చిన .500 మాగ్నం తెచ్చారు. పట్టేది అయిదు తూటాలు. పొడుగు బారెల్‌తో బరువు రెండు కిలోల పైమాటే. రెండు కిలోల కందిపప్పు పొట్లం చాచిన చేతుల్లో కదలకుండా పట్టుకుని చూడండి, మిగతాది మీకే తెలుస్తుంది. నెల తిరక్కుండా అది బీరువాలోకి పోయి, మళ్లీ .44 బయటికొచ్చింది. ఈసారి నెత్తిన ఒక స్కోపుతో.

ఒక ఆదివారం నన్నూ కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకెళ్లారు. ఇసుక సంచుల మీద తుపాకి ఆనించి, 25 గజాల దగ్గర గురి కుదర్చడం మొదలెట్టారు. 240 గ్రెయిన్ల గుండు. అంటే పదిహేనున్నర గ్రాములు. అక్క లెక్కలో తులమున్నర. మూడు పేల్చి, స్కోపు మర తిప్పి, మళ్లీ మూడు. అక్క లెక్కలో ఎంతయిందో నేను చెప్పను.

పెట్టె మార్చి 300 గ్రెయిన్లవి ఎక్కించారు.

"బరువెక్కువ కదా, కిందికి తగుల్తుందేమో?" అన్నాను.

"ఇంత దగ్గర్లో పైకే తగుల్తుందోయ్. బరువు గుండు నిదానంగా కదుల్తుంది. అది బారెల్ దాటేలోపు తుపాకి మూతి పైకి లేస్తుంది."

నిజమే, పైకే తగిలింది. ఒక మాట ఒప్పుకోవాలి, ఈ విద్యలో ఆయనకు తెలియంది లేదు. తెలిసింది చేతిదాకా రాదు, అంతే.

గుళ్లు కిందికీ ఎడమకీ పోతుంటే గాలిదన్నారు, బల్లదన్నారు, తూటాల పెట్టెదన్నారు. పక్క బల్ల ముసలాయన చూసి చూసి, తుపాకి అడిగి తీసుకుని, తూటాల మధ్య ఒక కాల్చేసిన ఖాళీ తొడుగు దూర్చి తిరిగిచ్చాడు. రెండు పేలాయి. మూడోది 'టిక్' అంది. పేలలేదు గానీ, తుపాకి మూతి మటుకు పెళ్లికొచ్చిన పెద్దలకు నమస్కారం పెట్టినట్టు కిందికి వంగింది. వెనక్కి తంతుందన్న భయంతో బావగారే ముందుగా వంచేస్తున్నారన్నమాట. ముసలాయన ఏమీ అనలేదు. బావగారూ ఏమీ అనలేదు. దారి పొడుగునా రేడియో మాట్లాడింది.

అయినా మనిషి నిజాయితీపరుడు. సత్యనారాయణ వ్రతానికి తెచ్చిన కాగితం పళ్లేల్లో మిగిలినవి రేంజికి పట్టుకుపోయారు. జింక గుండె, ఊపిరితిత్తులుండే చోటు దాదాపు ఆ పళ్లెమంత. ఎంత దూరం నుంచి అన్ని గుళ్లూ పళ్లెంలోనే పడతాయో అదే మన హద్దు. ఆ పైన ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. ఎల్మర్ కీత్ శిష్యుడి హద్దు 25 గజాలని తేలింది. వేసవంతా పట్టుబట్టి దాన్ని 50 చేశారు.

ఇంతలో దసరా. తెనాలి నుంచి వచ్చిన వాళ్లమ్మగారు ఆయుధపూజకు పెట్టమన్నారు. తుపాకి ఖాళీ చేసి పీట మీద పెట్టారు.

నవంబరు మొదటి శనివారం జింకల వేట తెరుస్తారు. ముందురోజు సరిచూసుకుందామని వెళ్తే, 50 గజాల దగ్గర పళ్లేనికి ఒక్క గుండూ తగల్లేదు. ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. స్కోపు మర గాడిలో కుంకుమ.

"అమ్మా, దీని మూత తీశావా?"

"అమృతాంజనం డబ్బాలా ఉంటే తీసి తుడిచాను నాయనా. లోపల వదులుగా తిరుగుతోంది. బిగించాను."

దాంతో వేట మొదటిరోజంతా రేంజిలోనే గడిచింది. సాయంత్రం ఇద్దరం ఇంటికి చేరేసరికి పెరట్లో జింక. అక్క గోంగూర మడిలో నిలబడి తాపీగా మేస్తోంది.

"ఏవండీ! గోంగూరంతా పోయింది, రండి!" అక్క వంటింటి గుమ్మంలోంచి స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయిస్తోంది.

బావగారు కారు దిగలేదు. సంచీలోంచి దూరం కొలిచే లేజరు తీసి కంటికి పెట్టుకున్నారు.

"ఇరవై రెండు గజాలు," అన్నారు. "పాత హద్దులోనే ఉందోయ్!"